టేకు చెప్పని వాన

ఎర్రకుంటపల్లిలో పొద్దున ఎవరినైనా టైమెంత అని అడిగితే, సిద్దయ్య వాన డబ్బా దగ్గరికి పోయాడా లేదా అని చూసి చెప్పేవాళ్ళు. పోతే ఎనిమిది దాటినట్టు, పోకుంటే ఇంకా కానట్టు. ఎండాకాలంలోనూ అంతే. మబ్బు తునక కనపడని మే నెలలో కూడా ఆయన ఆ డబ్బా పైభాగం తీసి, లోపలి సీసా ఎత్తి, ఒక్క చుక్క లేని ఆ సీసాను గీతల గ్లాసులోకి వంచి చూసి, రిజిస్టరులో సున్నా వేసేవాడు.

"కురువలేదని ఊరందరికీ ఎరుకే గద. మల్ల కొలుసుడెందుకు?" అని పెళ్ళయిన కొత్తలో భార్య లక్ష్మీనర్సమ్మ అడిగింది.

"ఊరికి ఎరుకే. కాయితానికి ఎరుక గావాలె గద" అన్నాడట.

ఆ మాటకు ఆమె నెత్తి కొట్టుకుంది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఆయన జ్వరంతో పడుకున్న రోజుల్లో ఆమే వెళ్ళి కొలిచింది. డబ్బాకున్న మర్యాద ఇంట్లో తనకు లేదని చుట్టుపక్కల ఆడవాళ్ళతో సణిగేది కానీ, ఒక్క పూట కూడా సెంటు తేడా రానిచ్చేది కాదు. అంగుళంలో నూరో వంతును వాళ్ళు సెంటు అనేవాళ్ళు.

సిద్దయ్యది తిరుమలగిరిలో నేత నేసే ఇల్లు. ఎర్రకుంటపల్లికి ఇల్లరికం వచ్చాడు. ఉర్దూలో ఏడో తరగతి దాకా చదివాడు కనుక, సర్కారు వాళ్ళు ఆ ఊళ్ళో వాన కొలిచే డబ్బా పాతిన నాడు చదవడం రాయడం వచ్చినవాడెవడని వెతికి ఆయన చేతిలో పెట్టారు. అప్పుడు ఆయనకు ఇరవై ఏళ్ళు. మగ్గం నేస్తూ డబ్బా చూసుకోవడం, ఆ తర్వాత పక్క ఊరి కచేరీలో గుమాస్తాగిరీ, ఇదీ ఆయన జీవితం. పొట్టి మనిషి. గొంతు పెద్దది కాదు. నలుగురిలో నోరు తెరవాలంటే మూడుసార్లు గొంతు సవరించుకునేవాడు. అటువంటి మనిషి ఒక ఇంజనీరుకు అడ్డం తిరిగి, చెప్పిందే చెప్పి, చివరికి ఒక్క వాక్యం రాయించాడు. నేను చెప్పబోయేది ఆ వాక్యం కథ.

1961లో నందికొండ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట లేస్తున్న రోజులవి. జిల్లాలో ఉన్న రాయి, సున్నం, మేస్త్రీలు అన్నీ అటే పోతున్నాయి. ఆ సందట్లోనే చుట్టుపక్కల తెగిపోయిన పాత చెరువుల్ని బాగు చేయాలని అక్కడే ఒక చిన్న ఆఫీసు కూడా తెరిచారు. రెండు రేకుల గదులు, నాలుగు బీరువాలు. దానికి యజ్ఞనారాయణ అని కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ముప్పై ఏళ్ళ ఇంజనీరు. పాత వాన రిజిస్టర్లన్నీ ఉర్దూలో ఉన్నాయి, ఆయనకు అలిఫ్ కూడా రాదు. అందుకని సిద్దయ్యను అక్కడికి పిలిపించారు. ఊళ్ళో డబ్బా లక్ష్మీనర్సమ్మ చేతికి వచ్చింది.

బాగు చేయవలసిన చెరువుల్లో ఎర్రకుంటపల్లి చెరువు ఒకటి. ఆ కట్ట కింద మాలవాడ ఉంది, నలభై ఇళ్ళు. నిండిన చెరువులో ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే రాతి దారిని మత్తడి అంటారు కదా, ఆ మత్తడి ఎంత పొడవు ఉండాలన్నది ఆ ఆఫీసు తేల్చవలసిన సంగతి. పొడవు చాలకపోతే నీళ్ళు కట్ట ఎక్కుతాయి. కట్ట తెగితే ఆ నలభై ఇళ్ళు మిగలవు. పాత మత్తడి అరవై అడుగులు ఉండేదని పునాది రాళ్ళు చెబుతున్నాయి. అంత రాయి ఇప్పుడు దొరకదు, ముప్పై ఆరు అడుగులు చాలునేమో చూడమని పైనుంచి యజ్ఞనారాయణకు మాట వచ్చింది.

దానికి ఆఫీసులో ఒక పట్టీ ఉంది. ఏ ఊళ్ళోనైనా అరవై ఏళ్ళలో అన్నిటికంటే ఎక్కువ వాన పడ్డ ఏడు ఎన్ని అంగుళాలో తెలిస్తే, మత్తడి ఎంతో ఆ పట్టీ చెబుతుంది. ఆ అరవై ఏళ్ళూ ఒకే లెక్కలోంచి రావాలి, కొన్ని ఏళ్ళ డబ్బా కొలత మధ్యలో అతికిస్తే పైవాళ్ళు ఒప్పుకోరు. ఎర్రకుంటపల్లి డబ్బాకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. అంతకు ముందరి వానల్ని ఎవరు చెప్పాలి?

"చెట్లు చెబుతాయండీ" అన్నాడు యజ్ఞనారాయణ.

చదువుకున్నవాడు, కష్టపడేవాడు, మంచివాడు కూడా. ఆయన మీద నాకు కోపం లేదు. ఒక కలప డిపోలో 1949 జనవరిలో కొట్టిన టేకు మొద్దులున్నాయని విని, వాటి నుంచి నాలుగు బిళ్ళలు కోయించి తెప్పించాడు. టేకు మొదలు అడ్డంగా కోస్తే ఏటికొక చుట్టు కనిపిస్తుంది. వాన బాగా పడ్డ ఏడు చుట్టు వెడల్పు, పడని ఏడు సన్నం. డబ్బా ఉన్న ఏళ్ళలో ఎంత వానకు ఎంత చుట్టు పడిందో చూసి లెక్క కడితే, డబ్బా లేని ఏళ్ళ వానను చుట్టును బట్టి చెప్పవచ్చు. చుట్లు లెక్కపెట్టి వెడల్పు కొలిచే పని సిద్దయ్యకు అప్పజెప్పాడు. పోగులు లెక్కపెట్టిన కళ్ళు కనుక ఆయనకు అది కష్టం కాలేదు. భూతద్దం పెట్టుకుని నెల రోజుల్లో నాలుగు బిళ్ళలూ కొలిచి ఇచ్చాడు.

యజ్ఞనారాయణ లెక్క కట్టాడు. ఉర్దూ రిజిస్టర్లలోని పదహారేళ్ళ వానకూ చెట్టు చుట్లకూ చక్కగా కుదిరింది. కాకపోతే ఒక చిత్రం. ఒక ఏటి వాన ఆ ఏటి చుట్టుతో కుదరలేదు, మరుసటి ఏటి చుట్టుతో కుదిరింది. "చెట్టు నిదానంగా తాగుతుంది సిద్దయ్యగారూ. ఈ ఏడు తాగిన నీరు వచ్చే ఏడు కలపగా మారుతుంది" అని దానికో అర్థం చెప్పాడు. ఆ లెక్క ప్రకారం వెనక్కి పోతే, అరవై ఏళ్ళలో ఎన్నడూ ముప్పై ఒక్క అంగుళాలకు మించి వాన పడలేదు. పట్టీ చూస్తే మత్తడికి ముప్పై ఆరు అడుగులు సరిగ్గా సరిపోతాయి.

ఆ కబురు ఊరు చేరడానికి ఎంతసేపు పడుతుంది? నాగులమ్మ ఆనకట్ట పనిలో తట్ట మోసేది. ఆమె ఇల్లు ఎర్రకుంటపల్లి వాడలో, సరిగ్గా కట్ట కిందనే. మధ్యాహ్నం అన్నం వేళ ఆఫీసు వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"సిద్దన్నా, మత్తడి సగానికి కోస్తున్నరట, నిజమేనా?"

"లెక్క గట్ల వచ్చింది."

"లెక్కకు ఇల్లు ఉన్నదా కట్ట కింద? మా అవ్వ బిక్షమ్మ చెప్తది, పాత మత్తడి పట్టక కట్ట తెగిందని. అరవై అడుగులకే పట్టని నీళ్ళు ముప్పై ఆరుకు పడుతయా?"

సిద్దయ్య ఆమెకు ఏ మాటా ఇవ్వలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయనకు అన్నం సయించలేదు. లెక్క తప్పని చెప్పడానికి తానెవరు? ఏడో తరగతి చదివినవాడు. లెక్క ఒప్పని ఎట్లా నమ్మాలి? చుట్లు కొలిచింది తానే, వాన కొలిచింది తానే. రెండూ తన చేతి మీదుగా పోయి, మధ్యలో ఎక్కడో తనకు తెలియని చోట కలుసుకున్నాయి. అది ఆయనను కుదురుగా ఉండనివ్వలేదు.

మూడోనాడు గొంతు సవరించుకుని యజ్ఞనారాయణ బల్ల ముందు నిలబడ్డాడు.

"సారూ, గీ లెక్క కట్టింది ఆ పదహారేండ్ల వానతోనే గద?"

"అవును."

"మరి గా పదహారేండ్లే అడిగితే సరిగ్గనే చెప్తది. ముందుగాల జవాబు చూపెట్టి తర్వాత ప్రశ్న అడిగినట్టాయె. అది ఎన్నడూ చూడని ఏండ్లు అడుగుదాం. నలభై తొమ్మిది నుంచి మొన్నటి వానకాలం దాక వాన నా దగ్గరున్నది. దానికి చూపెట్టలే."

యజ్ఞనారాయణ నవ్వాడు. "మీ మాట బాగానే ఉందండీ. కానీ మన చెట్లు నలభై తొమ్మిదిలో కొట్టినవి. తర్వాతి చుట్లు ఎక్కడివి?"

"ఉన్నయి. కింద మునుగుతున్న అడివిని కొడుతున్నరు గద."

ఆనకట్ట నిండితే మునిగిపోయే లోయలో ఆ శీతాకాలం టేకు కొడుతున్నారు. సిద్దయ్య రెండు రోజులు సెలవు పెట్టి, రాళ్ళ లారీ ఎక్కి కొంత దూరం, నడిచి కొంత దూరం పోయాడు. రంపం పని చేసే అంజన్న అనే మనిషిని పట్టుకుని, అంతకు ముందు వారమే కొట్టిన మూడు చెట్ల నుంచి మూడు బిళ్ళలు కోసిపెట్టమన్నాడు. అంజన్న కోస్తూ కోస్తూ, ఎందుకని అడిగాడు. సిద్దయ్య చెప్పాడు. చెట్టు ఏడాది ఆగి తాగుతుందన్న మాటకు అంజన్న రంపం ఆపేశాడు.

"ఎవలు చెప్పిండ్లు? టేకు ఎండకాలం మోడువారుతది. తొలివాన పడ్డ పది దినాలకు చిగురు, నెలకు చేటంత ఆకు. ఆకలైన మనిషి ముందట బువ్వ పెడితే వచ్చే ఏడాది తింటడా?"

సిద్దయ్యకూ అదే అనుమానం. మూడు బిళ్ళలు గోనెసంచిలో వేసి నెత్తిన పెట్టుకుని బయలుదేరాడు. పచ్చి టేకు బరువు మోసినవాళ్ళకే తెలుసు. నందికొండ చేరేసరికి మెడ పక్కకు తిరగడం లేదు.

కొత్త బిళ్ళల్ని కొలవడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. "ఏ ఏడు ఎంత వానో నాకు నోటికున్నది సారూ. పెద్ద వాన ఏడు వస్తే నా కన్ను దానంతట అదే వెడల్పు చూస్తది. నా కండ్ల మీద నాకు నమ్మకం లేదు. మీరు కొలువుండ్రి" అని, తన రిజిస్టర్లను గుడ్డలో మూటకట్టి, ముడి మీద లక్క వేసి బీరువాలో పెట్టాడు. యజ్ఞనారాయణకు అది తమాషాగా తోచింది. అయినా కూర్చుని వారం రోజులు కొలిచి, తన లెక్క ప్రకారం ఏ ఏడు ఎంత వాన పడి ఉండాలో రాసి బల్ల మీద పెట్టాడు. అప్పుడు సిద్దయ్య మూట విప్పాడు.

1954కు లెక్క ముప్పై అంగుళాలు అంది. డబ్బాలో పడింది పదిహేడు. 1955కు ఇరవై రెండు అంది, పడింది ముప్పై ఎనిమిది. 1956కు పదహారు అంది, పడింది ఇరవై మూడు. ఆఖరి ఏటికి మరుసటి చుట్టు ఇంకా పడలేదు కనుక దాన్ని వదిలేస్తే, మిగిలిన పన్నెండేళ్ళలో రెండో మూడో తప్ప ఏవీ దగ్గరికి రాలేదు.

యజ్ఞనారాయణ మొహం మాడిపోయింది. ఎవరికైనా అంతే కదా, కట్టుకున్న ఇల్లు కళ్ళ ముందు కూలితే. ఆ ఉక్రోషంలో ఒక మాట అనేశాడు. "మీ రీడింగుల్లోనే తప్పుందేమోనండీ. అన్ని ఏళ్ళూ కొలిచానంటారు, 1948 అసలు లేనే లేదుగా!"

సిద్దయ్య వంగి ఆ పట్టిక చూశాడు. యజ్ఞనారాయణ పట్టికలో 1947 దాకా ఉర్దూ రిజిస్టర్ల వాన, 1949 నుంచి ఇప్పుడే మూటలోంచి ఎక్కించుకున్న ఇంగ్లీషు తారీఖుల వాన. నడుమ 1948కి ఎదురుగా 'వివరాలు లేవు' అని ఉంది. అల్లర్ల ఏడు కదా, ఎవరు కొలిచి ఉంటారులే అనుకుని రాసుకున్నాడాయన.

"నలభై ఎనిమిదిల నేను కొలువలే?" అన్నాడు సిద్దయ్య. ఆ గొంతు అంత పెద్దగా లేవడం ఆ గదిలో ఎవరూ ఎన్నడూ వినలేదు. "రాత్రిపూట ఊరు ఖాళీ జేసి చేండ్లల్ల పండుకున్న ఏడు. కచేరీ కాయితాలు తగలబెడుతుంటే రిజిస్టరు తీస్కపోయి మగ్గం గుంతల దాచిన. మిలిట్రీ మోటర్లు పట్నం దిక్కు పోతుంటే రోడ్డు పక్కన డబ్బ కాడ గ్లాసు పట్టుకొని నిలబడ్డ. గా దినం రెండంగుళాల పది సెంట్లు. లేదంటరా?"

ఆఖరి ఉర్దూ రిజిస్టరు తీసి, ఆఖరి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాడు. శిస్తు లెక్కలకు వాడే ఫసలీ సంవత్సరం 1357, ఆబాన్ నెల, రెండంగుళాల పది సెంట్లు అని వేలు పెట్టి చదివాడు.

"ఇది ఫసలీ 1357 కదండీ. అంటే 1947" అన్నాడు యజ్ఞనారాయణ.

"ఎట్ల?"

"ఫసలీకి అయిదు వందల తొంభై కలిపితే ఇంగ్లీషు సంవత్సరం. మా నాన్నగారు కరణం. ఇది నాకు పలకా బలపం నాడే వచ్చు."

"మీ దిక్కు ఫసలీ ఎప్పుడు మొదలైతది సారూ?"

"జూలై ఒకటిన."

సిద్దయ్య వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "మా దిక్కు వానలు పోయినంక మొదలైతది. మొదటి నెల ఆజూర్, అంటే అక్టోబరు. ఆబాన్ ఆఖరి నెల. మీకు ఫసలీ మొదట్ల వాన, మాకు ఫసలీ చివర్ల వాన. మా వానకు తొంభై కాదు, తొంభై ఒకటి కలపాలె."

పాత నిజాం రాజ్యంలో ఒక పంచాంగం, పాత మద్రాసు రాజ్యంలో ఇంకో పంచాంగం. పేరు ఒకటే, అంకె ఒకటే. రెండు రాష్ట్రాలు కలిసి అయిదేళ్ళయింది, ఫసలీలు మాత్రం కలవలేదు. కరణంగారి అబ్బాయి తనకు పుట్టుకతో వచ్చిన లెక్కను ఇక్కడి కాగితం మీద వేశాడు. పదహారేళ్ళ వానా ఒక్కో ఏడు వెనక్కి జరిగింది. మగ్గం మీద ఒక పోగు తన కన్నంలో కాక పక్క కన్నంలో దూరితే అంచు దాకా ప్రతి పోగూ పక్కకు జరిగినట్టు. చెట్టు ఏడాది ఆలస్యంగా తాగలేదు. పాపం దాని తప్పేమీ లేదు.

యజ్ఞనారాయణ తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి వచ్చి, తనకంటే దాదాపు ఇరవై ఏళ్ళు పెద్దవాడైన ఆ గుమాస్తా రెండు చేతులూ పట్టుకున్నాడు. "క్షమించండి సిద్దయ్యగారూ" అన్నాడు. అందుకే ఆయన మంచివాడన్నాను.

సంవత్సరాలు సరిచేసి మళ్ళీ లెక్క కట్టాడు. ఈసారి ఏ ఏటి వాన ఆ ఏటి చుట్టుతోనే కుదిరింది. చూపించని పదమూడేళ్ళను అడిగితే పదేళ్ళు రెండు మూడంగుళాల తేడాలో చెప్పింది. ఆయన సంతోషం పట్టలేకపోయాడు. అందరికీ టీ చెప్పాడు. వెనక్కి పోయి అరవై ఏళ్ళు మళ్ళీ లెక్క వేస్తే పెద్ద వాన మళ్ళీ ముప్పై ఒక్క అంగుళాలే వచ్చింది. "చూశారా, పరీక్షకు నిలబడింది. ముప్పై ఆరు అడుగులే ఖాయం. చివర్లో మీరో సంతకం పెడితే పైకి పంపేస్తాను" అన్నాడు.

ఇక్కడే చాలామంది సంతకం పెట్టి ఇంటికి పోతారు. మాట నెగ్గింది, గౌరవం దక్కింది, టీ కూడా అందింది. సిద్దయ్య కాగితం తీసుకుని ఒక మూల కూర్చున్నాడు. కుదిరిన పదేళ్ళను చూడలేదు, కుదరని మూడేళ్ళను చూశాడు. 1949లో నలభై ఒకటి పడింది, లెక్క ముప్పై ఒకటి అంది. 1955లో ముప్పై ఎనిమిదికి ముప్పై. 1959లో ముప్పై ఆరుకు ఇరవై తొమ్మిది. మూడూ పెద్ద వానల ఏళ్ళే. మూడు చోట్లా లెక్క తక్కువే చెప్పింది.

"సారూ, నేను సంతకం పెట్ట."

"మళ్ళీ ఏమైందండీ?"

"ఎండిన ఏండ్లు సరిగ్గ చెప్పింది. నడిమి ఏండ్లు చెప్పింది. వరద ఏండ్లు మూడుంటే మూడూ తప్పింది. చెట్టు కడుపు నిండెదాకనే తాగుతది. నిండినంక పది అంగుళాలు ఎక్కువ కురిసినా దానికేం ఫికర్? చుట్టు గంతే పడుతది. మత్తడి గావాల్సింది కరువు ఏడుకు కాదు గద సారూ."

"పదమూడింటిలో పది వచ్చాయి. ఏ లెక్కా నూటికి నూరు చెప్పదు."

"చెప్పకపోతే పాయె. కని ఏది చెప్పలేదో గది రాయుండ్రి. 'గీ లెక్క కరువును చెప్తది, వరదను చెప్పదు' అని ఒక్క ముక్క రాస్తే ఇప్పుడే పెడుత."

ఆ ఒక్క ముక్క రాస్తే ముప్పై ఆరు అడుగులు నిలబడవని యజ్ఞనారాయణకు తెలుసు. పైవాళ్ళు రాయి లేదంటున్నారు. ఆయన మొహం ఎర్రబడింది. మీ పని రిజిస్టర్లు చదవడం, మత్తడి కట్టడం కాదన్నాడు. సంతకం లేకపోతే మిమ్మల్ని తిప్పి పంపించవలసి వస్తుందన్నాడు. సిద్దయ్య లోపల భయపడ్డాడు, అబద్ధమెందుకు? ఇంటికి పోయి లక్ష్మీనర్సమ్మతో చెప్పాడు. ఆమె సంగతంతా విని, "ఇన్నేండ్లు సున్న గుడ్క కొలిచి రాసినవు. ఇప్పుడు కొలువంది రాస్తవా?" అంది.

మరునాడు సిద్దయ్య ఆఫీసుకు పోయి అదే మాట చెప్పాడు. ఆ తర్వాతి రోజూ అదే మాట. యజ్ఞనారాయణ రెండు రోజులు పలకరించలేదు. మూడో రోజు, "పదండి, మీ చెరువు చూద్దాం" అన్నాడు.

ఎర్రకుంటపల్లి కట్ట మీద నాగులమ్మ ఎదురొచ్చింది. వాడలోకి తీసుకుపోయి తల్లి బిక్షమ్మ ముందు కూర్చోబెట్టింది. డెబ్బై దాటిన మనిషి, చూపు మందగించింది. కట్ట తెగింది ఎప్పుడమ్మా అని అడిగితే, అంకెల్లో చెప్పడం ఆమెకు రాదు.

"పట్నంల మూసీ వచ్చిన ఏడు. మా అన్న పట్నం కూలికి పోయి గా మూసీల కొట్టుకపోయిండు. పీనుగ గుడ్క దొరుకలే. గదే నెలల ఇక్కడ కట్ట తెగింది. అరవై ఇండ్లుండె వాడల. తెల్లారేసరికి ఏడు మిగిలినయి. నా పెద్దబిడ్డ చంకల ఉండె." ఆగింది. "ఉండె" అని మళ్ళీ అంది.

నాగులమ్మ తల వంచుకుంది. తనకంటే ముందు పుట్టిన ఆ అక్కను ఆమె చూడలేదు.

మూసీ వరద ఏడు పట్నంలో పసిపిల్లవాడికి కూడా తెలుసు. యజ్ఞనారాయణ సంచిలో నుంచి తన పట్టిక తీశాడు. 1908కి ఎదురుగా ఆయన లెక్క చెప్పిన వాన ఇరవై తొమ్మిది అంగుళాలు. మామూలు కంటే కొంచెం మంచి ఏడు, అంతే. వాడ కొట్టుకుపోయిన ఏడు కూడా చెట్టుకు మంచి ఏడే.

అక్కడే అరుగు మీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని, కలం తీసి రాశాడు: 'ఈ లెక్క కరువు సంవత్సరాలను నమ్మదగినట్టుగా చెబుతుంది. వరద సంవత్సరాలను తక్కువ చేసి చెబుతున్నట్టు పరీక్షలో తేలింది. గతంలో ఎంత పెద్ద వాన పడిందో దీనివల్ల తెలియదు. కనుక పాత మత్తడి పొడవు తగ్గించరాదు.' సిద్దయ్య రెండుసార్లు చదివించుకుని, కింద తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి సంతకం పెట్టాడు.

పైనుంచి ఎన్ని ఉత్తరాలు వచ్చాయో, యజ్ఞనారాయణ ఎంతమందికి జవాబు చెప్పుకున్నాడో నాకు తెలియదు. ఆ మత్తడి కట్టిన ఏడాదే ఆయనకు బదిలీ అయింది. రాయి దొరకలేదని పని ఒక వేసవి ఆలస్యమయింది. కానీ మత్తడి అరవై అడుగులూ లేచింది. కొత్త రాయి చాలని చోట వాడవాళ్ళు పాత పునాది రాళ్ళు తవ్వి తెచ్చి ఇచ్చారు.

తర్వాత రెండో ఏడు భాద్రపదంలో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో పొద్దున ఎనిమిదింటికి సిద్దయ్య, లక్ష్మీనర్సమ్మ ఇద్దరూ గోనెపట్టాలు కప్పుకుని డబ్బా దగ్గరికి పోయారు. లోపలి సీసా నిండి, బయటి డబ్బాలోకి పొర్లి ఉంది. ఆమె గ్లాసు పట్టుకుంటే ఆయన పోశాడు. పోసిన కొద్దీ ఉంది. ఒక్క రోజులో తొమ్మిది అంగుళాల పదకొండు సెంట్లు. ముప్పై ఏళ్ళలో అంత అంకె ఆయన ఎన్నడూ వేయలేదు. రిజిస్టరు భార్య చేతిలో పెట్టి, బురదలో జారుతూ చెరువు వైపు పరుగెత్తాడు.

వాడంతా కట్ట మీదే ఉంది. ముసలివాళ్ళు, పిల్లలు, కోళ్ళు, మేకలు. బిక్షమ్మను మంచంతో సహా మోసుకొచ్చారు. నీళ్ళు కట్ట అంచుకు జానెడు కిందికి వచ్చి అక్కడే ఆగి ఉన్నాయి. మత్తడి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుములోతున దూకుతోంది. ఆ హోరులో పక్క మనిషి మాట వినపడటం లేదు. అరవై అడుగులూ పనిచేస్తున్నాయి. ముప్పై ఆరే ఉంటే ఏమయ్యేదో అక్కడ నిలబడ్డ ఎవరికీ లెక్క కట్టి చెప్పనక్కర లేదు.

మధ్యాహ్నానికి నీళ్ళు మూరెడు తగ్గాయి. కట్ట కింద నలభై ఇళ్ళూ తడిసి ముద్దయి, ఎక్కడివక్కడే నిలబడి ఉన్నాయి. నాగులమ్మ సిద్దయ్య దగ్గరికి వచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గింత వాన వస్తదని నీకెట్ల ఎరుకైంది సిద్దన్నా?"

సిద్దయ్య గొంతు సవరించుకోలేదు.

"నాకేం ఎరుక నాగులమ్మా? మాకు ఎరుక లేదని రాయించిన. గంతే."